అర మెట్టు దిగిన శృతి

పద్మాంటీ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ కిరణ్ పొద్దున ఫోన్ చేసి, మూడొందల ఏళ్ళనాటి యూరప్ బరోక్ సంగీతం ఉన్న మీ వయొలిన్ క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించానన్నాడు.

"టేపులు సాగిపోయి శృతి అర మెట్టు దిగిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో సరిచేసి, పాతవి ట్రాష్‌లో పడేశా."

"ఒరేయ్, బరోక్ కాలపు శృతే ఇప్పటికంటే అర మెట్టు కిందుంటుంది! మీ అమ్మ చెప్పలేదా?"

"నీకే చెప్పింది కదా."

ఒళ్ళు మండింది. పేరు లేనివాళ్ళు వాయించిన ఆ రికార్డింగులు ఇంకెక్కడా దొరకవు. నేను పనిచేసే అరోరా కొట్లో షిఫ్ట్ మధ్యలో వదిలేసి మీ ఇంటికి పరిగెత్తాను. ట్రాష్ ట్రక్ అప్పటికే పక్కింటి దాకా వచ్చేసింది. ఇద్దరం డబ్బాలో చేతులు పెట్టి అన్నీ ఏరాం. వానకు తడిసిపోయాయి.

ఇప్పుడు మీ వంటగట్టు మీద పరిచాం. కిరణ్ ఒకటి ప్లే చేద్దామన్నాడు. ఆరేదాకా ముట్టుకోవద్దని వాడి మీద అరిచి, వాటి పక్కనే కూర్చున్నాను. ఆరాక పలుకుతాయో లేదో నాకూ తెలీదు, ఆంటీ.