కన్నీళ్ళు కాదు, రెప్ప వెంట్రుకలు

2007 ఆగస్టు, శనివారం రాత్రి, అశ్వారావుపేట

గెలిచిన! ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నేను మింగే గోలీలతోని రెప్ప వెంట్రుకలు పొడుగు పెరిగి, లోపలికి తిరిగి కంట్లో గుచ్చుకుంటున్నయట. నెల నుంచి నీళ్ళు కారింది అందుకేనట. ఖమ్మంల కండ్ల డాక్టరు చిన్న పట్టకారుతోని పీకేసిండు. "మళ్ళీ మొలిస్తే మళ్ళీ రా. గోలీ మాత్రం ఆపకు" అన్నడు.

నేనేమో గోలీలు పనిచేస్తలేవని ఆపేద్దామనే అనుకున్న. నేను ఏడుస్తున్ననుకోని చర్చి అక్కలు పక్కన కూసోని నాకంటే ఎక్కువ ఏడ్చిన్రు. అసలు భయపెట్టింది మా అత్తమ్మ. రోజూ నామీద నోరేసుకొని పడే మనిషి, "తిను బిడ్డా" అని మెల్లగ మాట్లాడుతుంటే, ఇగ నేను పోతనేమో అనిపించింది.

వచ్చేటప్పుడు బస్సు కిటికీలకెల్లి పామాయిల్ గెలలు ఎర్రగ, ఒక్కొక్కటి విడిగ కనవడ్డయ్. మళ్ళీ మొలిస్తే ఖమ్మం దాక... సరే, అప్పుడు చూద్దాం.

అన్నం కాడ అత్తమ్మ నా కండ్లల్లకే చూసింది. తడి లేదు. ఒక ముద్ద తిని పళ్ళెం పక్కకు నెట్టింది.

"ఏందే ఈ ఉప్పు? సోయి ఉండే వండినవా?"

నా పాణం లేచొచ్చింది.

"ఇంకో రెండు తిట్టు అత్తమ్మా" అన్న.