ఆ మాట మాత్రం వద్దు

జూలై 14, ఆదివారం

తమ్ముడికి,

అక్క రాయునది. మేమిక్కడ క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టాలి. మేం క్షేమంగా లేము. నీ క్షేమం తలిచే ఓపిక నాకు లేదు. ఫోన్లో అయితే సగంలోనే పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను.

మంగళవారం రాత్రి మా గుమ్మంలో నిలబడి, అక్కా, నీ కొడుకు నామీద బంతి విసిరాడు, కోచ్‌నని లేదు, మేనమామనని లేదు, తండ్రి లేక అదుపు తప్పాడు అని వీధంతా వినేలా కేకలేసి వెళ్లావు. నేను కుట్టుమిషన్ మీంచి లేచి వాడి చెంప వాయించాను. ఎందుకు చేశావురా అంటే నోరు విప్పలేదు. బాస్కెట్‌బాల్ జట్టులోంచి నువ్వు తీసేసినప్పటి నుంచీ అన్నం కెలికి లేచిపోతున్నాడు.

శుక్రవారం బడికెళ్లి వాడి తెలుగు టీచర్ని కలిశాను. ఆవిడ చెప్పింది విను. మంగళవారం పొద్దున క్లాసులో అర్థం మారిపోయిన మాటల గురించి పాఠమట. పదో తరగతి పిల్లలు కదా, రోజంతా ఒకళ్లనొకళ్లు వెధవా అనుకుంటారు. అదెక్కడి మాటని ఎవరో అడిగితే, విధవ నుంచి వచ్చిందని చెప్పిందావిడ. మొగుడు పోయిన ఆడదాన్ని అనే మాట జనం నోళ్లలో నాని తిట్టయింది. ఆ తిట్టు చేతకానివాడి మీదా, మాట వినని కుర్రాడి మీదా పడింది. స్నేహితులు నవ్వుతూ అనుకోవడం వేరు, ఎవరి పిల్లల్ని ఎవరి ముందు అంటున్నారో చూసుకోండి అందట. క్లాసంతా నవ్వింది. నా కొడుకు నవ్వలేదు. మీ బావ పోయి ఏడాదైనా కాలేదు, ఎలా నవ్వుతాడు?

ఆ సాయంత్రం ఏం జరిగిందో జట్టులో పిల్లాడొకడు చెప్పాడు. నా కొడుకు బంతి జారవిడిస్తే నువ్వు వెధవా అన్నావు. మామయ్యా, ఇంకేదైనా తిట్టు, ఆ మాట మాత్రం వద్దు అన్నాడు వాడు. నీకది పొగరుగా కనిపించింది. జట్టునంతా వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి చేతా వాణ్ణి ఆ మాట అనిపించావు. మా గుమ్మంలో అంతసేపు అరిచావే, ఈ సంగతి నీ నోట రాలేదేం?

అమ్మ కూడా మనల్ని ముద్దుగా ఒరేయ్ వెధవల్లారా అనేది. నాన్న పోయాక మళ్లీ ఎప్పుడూ అనలేదు. నువ్వు చిన్నవాడివి, గమనించి ఉండవు. నలభై దాటాయి, ఇప్పుడైనా గమనించు.

నా కొడుకు నీకు క్షమాపణ చెప్పడు. జట్టులోకి తీసుకోమని నేను నిన్ను బతిమాలను. అదే వరసను నిలబెట్టి, అందరి ముందూ వాడికి చెప్పాల్సింది నువ్వు చెప్పేదాకా మా గడప తొక్కకు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: బంతి విసిరింది నా కొడుకు కాదు. నువ్వు అటు తిరిగి ఉండగా తగిలింది. ఎవడ్రా అని నువ్వు గర్జిస్తే, నేనే అని వాడు ముందుకొచ్చాడు. విసిరింది నీ కొడుకు. వాడూ అదే క్లాసు కదా, ఆ పాఠం విన్నాడు. వరసలో తన వంతు వచ్చేసరికి ఆ మాట అనలేక బంతి అందుకున్నాడట. పొద్దున మా ఇంటికొచ్చి, అత్తయ్యా, నాన్నతో నేను చెప్పలేను, నువ్వే రాయి అని ఏడ్చాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. చదివి తలెత్తితే ఎదురుగా ఉంటాడు. ఏమని పిలుస్తావో చూసుకో.