సందు వైపు తలుపు

సత్తెనపల్లి,
2-3-1986, ఆదివారం.

ప్రియమైన మీకు, రెబ్కా వందనాలు.

నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది చదవకుండానే మీరు దర్శిలో బస్సెక్కేస్తారు. ఎక్కకండి. కాలువ పని మధ్యలో వదిలేసి వస్తే మీ ఇంజనీరు ఊరుకోడు.

నెలాఖరుకి మన ఇంటి అగ్రిమెంటు అయిపోతుంది కదా, ఈసారి తిరగరాయనని సుబ్బరావమ్మగారు చెప్పేశారు. పత్తికి ధర లేదట. ధర వచ్చేదాకా మన రెండు గదుల్లో పత్తి నిలవ పెట్టుకుంటారట. నమ్మి, తల ఊపి వచ్చాను. మర్నాడు ఆవిడే నన్ను వసారాలో ఆపి అసలు మాట బయటపెట్టారు. "టీచరమ్మా, మీ అత్తగారిని తీసుకెళ్ళి మీ ఆడబిడ్డ దగ్గర దించేసి రా. ఆ తర్వాత నువ్వూ మీ ఆయనా ఎన్నేళ్ళయినా ఉండండి, నేను కాదనను" అన్నారు.

అత్తయ్య ఆయాసం చూసి ఆవిడకి భయం పట్టుకుంది. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే వాళ్ళు ఇంటికి తాళం వేసి నెలల తరబడి వదిలేయాలి. మన గదులకి విడిగా వీధి గుమ్మం లేదు. రావాలన్నా పోవాలన్నా ఆవిడ వసారాయే దారి. అందుకని అత్తయ్య మన గదిలో పోయినా ఆ దోషం తన ఇంటికే తగులుతుందని ఆవిడ భయం. మనకి నక్షత్రాల పట్టింపు లేదని చెప్పాను. "ఇల్లు నాది కదమ్మా" అన్నారు. ఈ ఊళ్ళో మీరేమిట్లని అడక్కుండా మనకి ఇల్లిచ్చిన మనిషి ఆవిడొక్కతే. అందుకే ఎక్కువ బాధేసింది.

బడి వదిలాక వేరే ఇళ్ళు చూస్తున్నాను. ఒకావిడ కులం అడిగింది. ఒకాయన మాంసం వండుతారా అన్నాడు. ఇంకొకాయన ఏమీ అడక్కుండా ఒప్పుకున్నాడు గాని, అత్తయ్య సంగతి చెప్పగానే వాళ్ళ అల్లుడు వచ్చి ఉంటాడన్న విషయం ఆయనకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఇక లాభం లేదని ప్లీడరు యలమందయ్యగారి దగ్గరికి వెళ్ళాను. "తేదీ దాటినంత మాత్రాన సామాను బయట పడేయటానికి వీల్లేదమ్మా, కోర్టుకెళ్ళాలి. నువ్వు మటుకు అద్దె ఆపకు. ఆవిడ తీసుకోకపోతే మనియార్డరు చేసి రసీదు దాచుకో. లేదంటే బడి సెలవులిచ్చేదాకా గడువు కావాలని కాగితం మీద రాసివ్వు" అన్నారు. నేను లేచి వస్తుంటే, "అయితే ఒకే వసారాలో తిరుగుతూ కోర్టుకెక్కితే పొద్దున్నే ఎదురుపడేది మీ ఇద్దరేనమ్మా, ఆలోచించుకో" అని కూడా అన్నారు. ఆలోచిస్తున్నాను.

అత్తయ్యని మటుకు పంపను. పుల్లమ్మ వదిన మంచిదే గాని, పొద్దున్నే మిరప కోతకి పోతే చీకటి పడ్డాకే ఇంటికొస్తుంది. ఊపిరాడక అత్తయ్య పిలిస్తే పలికేవాళ్ళెవరు? ఈ గొడవేమీ అత్తయ్యకి చెప్పలేదు. మీరూ జవాబులో రాయకండి. మీ ఉత్తరం నాచేతే చదివించుకుంటుందని తెలుసుగా.

మమ్మల్ని ప్రార్థనలో తలుచుకుంటూ ఉండండి.
మీ రెబ్కా


సత్తెనపల్లి,
18-3-1986.

ప్రియమైన మీకు,

జవాబు అందింది. అమ్మని దర్శికి తెచ్చుకుంటానన్నారు. ఎక్కడికండీ, ఆ రేకుల షెడ్డులోకా? అన్నం మాడిందో ఉడికిందో తెలియని మగవాళ్ళ మధ్యకా? రాసేముందు కాస్త ఆలోచించండి.

అత్తయ్యకి అంతా తెలిసిపోయింది. ఈ ఇంటి గోడలు పలచన, ఆవిడ చెవులు గట్టివి. నిన్న నేను బడి నుంచి వచ్చేసరికి వసారాలో సుబ్బరావమ్మగారి మిరపకాయల రాశి దగ్గర కూర్చుని, ఎవరూ అడక్కుండానే తాలుకాయలు ఏరిపెడుతోంది. సుబ్బరావమ్మగారేమో కేకలు.

"అవతలికి జరుగు కొండమ్మా! ఆ ఘాటుకి చస్తావు."

"చస్తాననేగా నీ భయం? ఎక్కడ చావాలో చెప్పమ్మా, అక్కడికే జరుగుతా."

 సుబ్బరావమ్మగారు స్తంభానికి చేరబడి, నా వైపు చూడకుండా చెప్పారు. "మా మామగారు చెడ్డ నక్షత్రంలో పోయారు టీచరమ్మా. ఆర్నెల్లు ఇల్లు మూశాం. పొలంలో పొగాకు కాల్చే బ్యారన్ పక్కన పాకలో ఉన్నాం. వానలు. నా చంటిది ఆ చెమ్మలో జ్వరమొచ్చి పోయింది. ఇంటి తాళంచెవి నా కొంగునే ఉంది. పిల్లని మటుకు ఇంటికి తెచ్చుకోలేకపోయాను."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.  అత్తయ్య ఒక్కతే మామూలుగా కాయలు ఏరుతూ అంది. "నే పనికి పోయిన ఆసాముల ఇళ్ళల్లో చూశాలే. మంచిరోజు కాకపోతే వెనక గోడ పగలగొట్టి అటేపునుంచి మోసుకుపోయేవోళ్ళు. ఆ గోడేదో ఇప్పుడే కొట్టించు. నే పోయే దారి నీ వసారాలో పడదు, నా కోడలికి ఇల్లు మారే పనుండదు."

వేళాకోళానికి అందనుకున్నాను. సుబ్బరావమ్మగారు మాత్రం సాయంత్రమే వెళ్ళి వాళ్ళ పురోహితుణ్ణి అడిగారట. గుమ్మం వేరై, గడప వేరైతే ఇంటికి పట్టదని ఆయన అన్నారట. ఈ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య మంచం పక్కన, సందు వైపు గోడకి మేస్త్రీ గునపం వేస్తున్నాడు. మంచం పట్టేంత వెడల్పు చాలా అని అడిగాడు. చాలని చెప్పింది అత్తయ్యే.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. బతికున్న మనిషి తల దగ్గర శవం పోవటానికి దారి చేస్తారా? చట్టం ఉండమన్నా సరే, ఈ ఇంట్లో ఇక ఉండను. బడి ఆవరణలో పాత సామాన్ల గది ఖాళీ చేసిస్తామన్నారు. రేకుల కప్పు, కిటికీ లేదు. అయినా ఎవరూ మన చావు కొలతలు తీయరు. ఈస్టరు మర్నాడు వెళ్ళిపోతాం. అత్తయ్యకి చెబితే "నీకు కోపమెక్కువ" అంది. ఎక్కువే మరి.

మీ రెబ్కా


సత్తెనపల్లి,
6-4-1986, ఆదివారం.

ప్రియమైన మీకు,

సామాను కట్టాను. మళ్ళీ విప్పాను. నవ్వండి, నవ్వితే నవ్వారు గాని ముందు ఇది చదవండి.

గోడ తెరిచిన రోజు నుంచీ గదిలోకి గాలి వస్తోంది. ఆ గది ఇన్నాళ్ళూ పెట్టెలా ఉండేదని నాకే తెలియలేదు. తలుపు బిగించాక అత్తయ్య మంచాన్ని దానికి దగ్గరగా లాగించుకుంది. ఆయాసం పూర్తిగా పోలేదు గాని పడుకుని నిద్రపోతోంది. పోయిన చలికాలమంతా గోడకి చేరబడి కూర్చుని తెల్లవార్చిన మనిషి! పొద్దునపూట గడప లోపల పీట వేసుకుని, పత్తి బళ్ళు ఎవరెవరివో, బడి ఎగ్గొట్టే పిల్లలు ఎవరో చూసి పెడుతోంది. నా తరగతిలో ఇద్దరు దొరికిపోయారు. గాజుల ఖుర్షిదా బుట్ట దించి సందులోనే కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి పోతోంది.

ఈస్టరు తెల్లవారుజామున పాడుకుంటూ వచ్చిన మన సంఘంవాళ్ళు సందులో ఆగారు. అత్తయ్య పీట మీద నుంచే గొంతు కలిపింది, దగ్గు రాకుండా ఒక చరణం మొత్తం పాడింది. సుబ్బరావమ్మగారు తమ ఇంట్లోంచి చుట్టూ తిరిగి సందులోకి వచ్చి నిలబడ్డారు. పాట అయ్యాక అందరూ వెళ్ళారు, ఆవిడ వెళ్ళలేదు.

"పోవటానికని పెట్టించావు. నే ఉండిపోయేట్టున్నా తల్లీ" అంది అత్తయ్య.

ఆవిడ నవ్వబోయి ఏడ్చేశారు. "మా మామగారప్పుడు ఈ ఉపాయం నాకెవరూ చెప్పలేదే కొండమ్మా! ఒక్క గోడ కొట్టుంటే నా పిల్ల ఇంట్లో ఉండేది కదే" అన్నారు. అత్తయ్య చెయ్యి చాచి ఆవిడ తల నిమిరింది. నేను లోపలికి వెళ్ళి పెట్టెలకి కట్టిన తాళ్ళు విప్పాను.

కొత్త అగ్రిమెంటు రాసుకున్నాం. అద్దె కొంచెం పెంచారు, ఏడ్చినా ఆవిడ ఆవిడే. సంతకం పెట్టేముందు నేనొక షరతు అడిగాను. ఎవరున్నా ఎవరు పోయినా ఈ తలుపు మళ్ళీ గోడ చేయకూడదని. "మూసేస్తే సాయంత్రం నేనెక్కడ కూర్చోను?" అని వెంటనే రాయించారు. ఇప్పుడు రోజూ ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని చుట్టూ తిరిగొచ్చి, గడప అవతల కూర్చుంటారు.

అవతలే. ఎందుకంటే ఇంతవరకూ అత్తయ్య ఎవరినీ ఆ గడప దాటి లోపలికి రానివ్వలేదు. నేను కూడా వసారా చుట్టే తిరుగుతున్నాను. మీకు సెలవు దొరికినప్పుడు రండి. బస్సు దిగి తిన్నగా సందులోకి రండి, వసారా వైపు వెళ్ళకండి. "ఆ గుమ్మంలో ముందు నా దాసు కాలుపెట్టి లోపలికి రావాల. ఆ తర్వాత ఎవరు ఎటు పోయినా ఫర్వాలేదు" అని మీ అమ్మ చెప్పమంది.

మీ కోసం తలుపు తీసి ఉంచి,
మీ రెబ్కా