ఎర్ర సిరా గీత

అమ్మా,

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో "సరే, తిన్నావా, ఉంటా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు. కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉంటుంది, చూసుకో.

పాత కంప్యూటర్ల దగ్గర పనిచేసిన ఆడవాళ్ళ గురించి నేను రాస్తున్న పుస్తకం ఈ నెలాఖరుకి అచ్చుకు వెళ్తుంది. ఆరో అధ్యాయం నీది. మీ రైళ్ళ ఆఫీసు పాత సామానంతా ఇప్పుడు ఒక రికార్డు గదిలో పడేసి ఉంది. అక్కడ మూడో బీరువా కింది అరలో ఒక కార్డుల కట్ట దొరికింది. వెయ్యి పైచిలుకు కార్డులు. ఒకే పట్టాల జత మీద ఎదురెదురుగా వచ్చే రైళ్ళలో ఏది ఎక్కడ ఆగి దేనికి దారివ్వాలో తేల్చిన మొదటి ప్రోగ్రాం. అచ్చయిన నివేదికలో దాన్ని తయారుచేసినవాడిగా మీ పెద్దసారు పేరు ఒక్కటే ఉంది. కానీ కట్ట పై అంచు మీద, ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా, ఎర్ర సిరా గీత!

నా చిన్నప్పుడు నువ్వే చెప్పావు. కార్డుకో లైను చొప్పున చిల్లుల రూపంలో ప్రోగ్రాం ఉండేదని, కట్ట చెదిరితే మళ్ళీ వరస కుదుర్చుకోవడానికి అంచు మీద గీత గీసుకునేవాళ్ళని, ఒక్కొక్కరిదీ ఒక్కో రంగని, నీది ఎరుపని. నేను ఆ నేల మీదే చతికిలబడ్డాను. రికార్డు గది ఆవిడ "కళ్ళు తిరిగాయా అమ్మా?" అంటూ నీళ్ళు తెచ్చింది. కొన్ని కార్డుల మూలలు నలిగాయి, ఒకదాని మీద చెప్పు ముద్ర కూడా ఉంది. పాత ఆఫీసులంతే కదా అని నవ్వుకున్నాను.

నీ ఉద్యోగం గురించి ఎవరడిగినా నాన్న "ఏదో టైపు కొట్టేది" అనేవాడు. నువ్వు పల్లెత్తు మాట అనేదానివి కాదు. అది నాకెంత కోపమో నీకెప్పుడూ చెప్పలేదు. ఈ చదువు చదివింది ఆ కోపంతోనే. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు నీ పని మీద సారు పేరు వెలిగింది. ఆ మాట మొహమాటం లేకుండా రాశాను. అధ్యాయం జతచేశాను. తేదీలు సరిచూసి పంపు.

నీ పెద్దది


పెద్దదానా,

కళ్ళజోడు ఫ్రిజ్ మీద లేదు, నా నెత్తి మీదే ఉంది. అధ్యాయం రెండుసార్లు చదివాను. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనిషే తప్పు.

గీత నాదే. ప్రోగ్రాం నాది కాదు.

నా పక్క బల్ల దగ్గర ఒకావిడ ఉండేది. నాకంటే జానెడు ఎత్తు. ఆఫీసంతా మమ్మల్ని పొడుగూ పొట్టీ అని జంటగా పిలిచేవారు. ఆ ప్రోగ్రాం పొడుగు రాసింది. ఎనిమిది నెలలు రాసింది. అంత తెలివైనదానికి ఒకటే బద్ధకం. కార్డులకు నంబర్లు వెయ్యదు, గీత గియ్యదు. "వరసంతా నా బుర్రలో ఉందిలేవే" అనేది. ఒకరోజు ఆ కట్టని మిషను గదికి నేను పట్టుకెళ్తూ మెట్ల మీద జారవిడిచాను. పైనుంచి కిందిదాకా కార్డులే. నువ్వు చూసిన చెప్పు ముద్ర నాదే, ఏరుకునే కంగారులో తొక్కాను. పొడుగు వచ్చి చూసింది. అప్పుడామెకు ఏడో నెల. ఆ మెట్ల మీదే కూర్చుని, ఒక్కో కార్డు చిల్లులు చదివి వరస పెట్టింది. రెండు రోజులు పట్టింది. అయ్యాక "ఇంకోసారి పడేశావంటే చంపుతా" అని నవ్వింది. నేను నా ఎర్ర సిరా తెచ్చి గీత గీశాను.

ఆమె పురిటి సెలవులో ఉండగా ఆ కట్ట మిషన్లో పెట్టారు. రైళ్ళ పట్టిక ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఎవరేం రాస్తున్నారో ఎప్పుడూ పట్టించుకోని సారు కట్ట చేతిలోకి తీసుకుని అంచు చూసి "ఎర్రగీత నీదే కదూ! శభాష్" అన్నారు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది సగం కాదు, పూర్తిగానే, తల ఊపాను. వారం తిరక్కుండా నాకు పై ఉద్యోగం ఇచ్చారు. పొడుగు సెలవు అయ్యాక వచ్చి, నేను కూర్చున్న కొత్త కుర్చీ చూసి "బాగుందే" అంది. నెల తర్వాత ఉద్యోగం మానేసింది. మరుసటేడు సారు నివేదికలో తన పేరు వేసుకున్నారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. మీ నాన్న టైపు కొట్టేదన్నప్పుడు మాట్లాడకపోవడానికి కారణమూ అదే. నువ్వనుకున్నట్టు మంచితనం కాదు.

నీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు నన్ను చూసి గర్వపడుతుంటే నాకు హాయిగా ఉండేది, అందుకే చెప్పలేదు. ఆరో అధ్యాయంలో నా పేరు కొట్టెయ్. పొడుగు స్టేషను వెనక వీధిలో లెక్కల ట్యూషన్లు చెప్తోందని ఎప్పుడో విన్నాను.

అమ్మ


అమ్మా,

మూడు రోజులు నీ మీద కోపంతో అన్నం సయించలేదు. ఆ కోపం ఇంకా ఉంది. గుమ్మడికాయ దొంగ అని నేను అంత గొంతేసుకుని అరిచినప్పుడు, భుజం తడుముకోవాల్సింది నువ్వేనని నాకేం తెలుసు? నా మీద నాకూ కోపమే. చెప్పు ముద్ర కళ్ళారా చూసి నవ్వి ఊరుకున్నాను. గీత గీసినవాళ్ళే ప్రోగ్రాం రాశారని మీ సారు పొరబడ్డాడు. ఇంత చదివి నేనూ అదే చేశాను.

ప్రచురణకర్తను రెండు నెలల గడువు అడిగి, స్టేషను వెనక వీధికి వెళ్ళాను. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, రెండో అంతస్తులో. నడుం కాస్త వంగింది గానీ ఇంకా పొడుగే. ఎవరి కూతుర్నో చెప్పగానే చేతిలో సుద్దముక్క కింద పెట్టింది. అధ్యాయం మార్చి రాస్తానని, ఆమె పేరే వేస్తానని చెప్పాను. అంతా విని ఇలా అంది.

"నంబర్లు వెయ్యకపోవడం నా తప్పు, కట్ట పడెయ్యడం మీ అమ్మ తప్పు. ఆ రెంటికీ చెల్లు. మిగతాది నువ్వెలా తీరుస్తావమ్మా? పుస్తకంలో పేరు వేస్తే వెయ్యి, వద్దనను. కానీ నేను ఇన్నేళ్ళు ఎదురుచూసింది పుస్తకం కోసం కాదు. ఆ పొట్టిదే వచ్చి చెప్పాలి. ఇల్లు తెలీక కాదుగా, రానిది?"

నేను చెప్పులేసుకుంటుంటే మళ్ళీ పిలిచింది. "వస్తే మెట్లు చూసుకుని ఎక్కమను" అంది.

చిరునామా కింద రాశాను. నేను చెయ్యగలిగింది ఇంతవరకే.

నీ పెద్దది


పొడుగూ,

ప్రోగ్రాం నువ్వు రాశావు. నేను రాశానని తల ఊపాను. ఈ రెండు ముక్కలు రాయడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది. రాశాక చూస్తే ఒక కార్డు కూడా నిండలేదు.

ఇంతకుముందు రెండుసార్లు మీ వీధిలోకి వచ్చాను. ఒకసారి కిటికీలోంచి నీ గొంతు వినపడింది, ఎవరినో ఎక్కాలు రావని తిడుతున్నావు. సిగ్గేసి కిందనుంచే వెళ్ళిపోయాను.

బుధవారం పదింటికి వస్తాను. మా అమ్మాయి రాసేది అది రాసుకుంటుంది, దానితో మనకి పనిలేదు. నువ్వు తిడితే పడతాను. తలుపు తియ్యకపోతే మీ మెట్ల మీదే కూర్చుంటాను. నువ్వు నాకోసం రెండు రోజులు కూర్చున్నావు కదా.

నీ పొట్టి