గొట్టానికి ఎగువన, దిగువన

మత్స్యశాఖ అధికారి గారికి,

మా చేపల ఒంటిమీద పుళ్ళకు వాటి కడుపులో పురుగులే కారణమన్నారు. పచ్చిచేప తినొద్దని మాకు బుద్ధి చెప్పి వెళ్ళారు. సరే, మానేశాం. మొన్న మా తమ్ముడు బౌద్ధ సన్యాసం పుచ్చుకున్న విందులో కూడా బున్సీ పెద్దమ్మ చేపముక్కల్ని నిమ్మరసం, కారంతో పచ్చిగా కలపకుండా ఉడకబెట్టింది. "ఏంటే ఇది, రోగికి పెట్టే పథ్యమా?" అని కంపూన్ మావయ్య పళ్ళెం నెట్టేశాడు.

పురుగులు మా తాతల నాడూ ఉన్నాయండీ. కర్రపెండలం మిల్లు నదిలోకి నల్లనీళ్ళు వదిలే గొట్టానికి ఎగువ చేపల్లో ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఆ చేపలు వలలో ఎగిరెగిరి పడుతున్నాయి. గొట్టానికి దిగువనే పుళ్ళుపడి తేలుతున్నాయి. ఆ గొట్టం వంక మీరు కన్నెత్తయినా చూడలేదు.

మేం ఉడికించుకునే తింటున్నాం. చేపలు మాత్రం ఆ నల్లనీళ్ళని కాచి వడపోసుకుని తాగలేవు కదండీ!

మూన్ నది ఒడ్డు నుంచి,
మీరు బుద్ధి చెప్పి వెళ్ళిన జాలరి