డ్రయ్యర్ ఎవరు పాడుచేశారు?

దాచేపల్లి,
ఆదివారం.

అక్కకు,

నీ చెల్లెలు పార్వతి నమస్కరించి రాస్తున్నది. నేనూ మీ మరిదీ బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు, పిల్లలు కులాసాయేనా? ఫోన్లో అయితే ఎవరైనా వింటారేమోనని ఉత్తరం రాస్తున్నాను. కంగారుపడకు, అంతా బాగానే ఉంది.

మీ మరిదికి సిమెంటు ఫ్యాక్టరీలో, నాకు అక్కడి ఇంజనీరుగారి ఇంట్లో పని. మన శ్రీకాకుళంలో ఇంత ఎండ ఎరగం, కూరల్లో ఇంత కారమూ ఎరగం. ఆరుబయట ఏది పెట్టినా దుమ్మే. వడియాలు పెట్టుకునే వీల్లేదు, ఎవరైనా ఇటు వస్తే గుమ్మడి వడియాలు పంపు. ఆ దుమ్ముకే వీళ్ళు బట్టలు ఆరబెట్టే మిషన్ కొన్నారు. డ్రయ్యర్ అంటారు. సోమవారం అది స్టార్ట్ కాలేదు.

"ఏంది పార్వతీ, నిన్న నువ్వేగా బట్టలేసింది? ఏం జేశావ్?" అంది మేడమ్. నేనేమీ చేయలేదన్నా నమ్మలేదు. నేనే పాడుచేశానని పక్కింటావిడకు కూడా చెప్పింది. నాకేమో వంట చేసే నాగమణి మీద అనుమానం. మేడమ్‌తో గుసగుసలాడుతూ, నేను రాగానే ఆపేసేది. మూడు రోజులు ఒకరినొకరం ఓరగా చూసుకుంటూనే గడిపాం.

గురువారం పొద్దున మెకానిక్ మస్తాన్ వచ్చాడు. మంచి పార్టు తీసి పాతది వేస్తాడేమోనని నేను పక్కనే నిలబడ్డాను. అదే ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి చూశాడు, వేడెక్కింది. డ్రయ్యర్ తలుపు మూసి చెవి ఆనించాడు.

"టక్‌మని శబ్దం రావాలమ్మా, రావట్లా. తలుపు పడిందని తెలిస్తేనే ఇది తిరుగుద్ది" అని, ప్లగ్ పీకేసి, తలుపు దగ్గరి చిన్న స్విచ్ విప్పాడు. పగిలి ఉంది.

"అది తీసేసి వైర్లు కలిపెయ్యరాదూ?" అంది మేడమ్.

"తలుపు తీసినా తిరుగుద్ది. ఎవురన్నా చెయ్యి పెడితే ఏంగావాల? నేను చెయ్యనమ్మా. చానా గట్టిగా గుద్దితేనే ఇట్టా పగిలేది. కాలితో ఏమన్నా తన్నారా?"

డ్యూటీకి బయల్దేరుతున్న సార్ గుమ్మంలో ఆగిపోయారు. "ఆదివారం సాయంత్రం తలుపు తెరిచుంటే... మోకాలితో తోసింది నేనే."

సాయంత్రానికి కొత్త స్విచ్ వేస్తే మిషన్ తిరిగింది. "సర్లే, మనసులో పెట్టుకోబాక" అంది మేడమ్.

"పక్కింటమ్మగారికి నా పేరు చెప్పారు కదమ్మా. నేను కాదని కూడా మీరే చెప్పండి" అన్నాను. పని పోయిందనుకున్నానక్కా. ఆవిడ చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళింది.

నేను వంటింట్లోకి వెళ్ళి, తనను అనుమానించానని నాగమణితో చెప్పేశాను.

"ఊర్కోవే! నేనూ నువ్వేననుకున్నా" అని నవ్వి, టీ గ్లాసు చేతికిచ్చింది.

అమ్మ పాదాలకు నా బదులు నువ్వు మొక్కు. మనింటి పెద్దలందరికీ నా దండాలు.

మీ దీవెనలు కోరే
నీ చెల్లి పార్వతి