వాక్కాయ పొద తరఫున

మింగళ తౌంగ్‌న్యున్, యాంగోన్

అమ్మా,

నువ్వు నాటిన వాక్కాయ పొద ఈ వానలకి విరగకాసింది.

నువ్వు కన్నుమూసిన ఏడాది దానికి పూతే రాలేదు. అందుకే ఈసారి చలి తగ్గగానే, మన ఆనవాయితీ ప్రకారం కత్తి ఎత్తి, "కాయకపోతే నరికేస్తాను" అని బెదిరించాను. ఎప్పుడూ దాని తరఫున బతిమాలేది నువ్వే కదా. ఇప్పుడు అడ్డుపడేవాళ్లు లేక, కత్తి ఎలా దించాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

గోడ అవతల నుంచి పక్కింటి డో టిన్ అరిచింది: "నరికీకురా బాబూ! ఈ యేడు కాస్తాదిలే!"

ఆ బర్మా ఆవిడకి వచ్చిన తెలుగు అంతే. ఏటేటా నీ నోట విన్నదే.

మొదటి కాయలు ఆవిడకే ఇచ్చాను. ఉప్పూ కారం అద్దుకుని తింటూ, "నేను చెప్పబట్టే కాసింది" అని బర్మీస్‌లో గొప్పలు పోయింది. నేను కాదనలేదు. వచ్చే ఏడు మాత్రం ఆవిడ ఇంట్లో ఉందో లేదో చూసుకునే కత్తి ఎత్తుతాను.